లేచేలోపు ఒక ట్యూన్: డిజిటల్ సంగీతాన్ని అలవాటుగా చేసుకోవడం ఎలా

నా కంప్యూటర్‌లో ఒక ఫోల్డర్ ఉండేది. అందులో డెబ్భై దాకా ప్రాజెక్టులు, ఒక్కటీ పూర్తి కాలేదు. ఎనిమిది బార్లు (బార్ అంటే తాళం ఒక చుట్టు) చేసేసరికి బాగుందనిపించేది, దాన్నే పదేపదే తిప్పి వినేవాణ్ణి, కిక్ (డ్రమ్స్‌లో ధుమ్మనే లోతైన దెబ్బ) సౌండ్ మార్చేవాణ్ణి, మళ్ళీ పాతదే పెట్టేవాణ్ణి, అర్ధరాత్రి దాటాక మూసేసి పడుకుంటే మర్నాడు దాన్ని తెరవాలంటేనే విసుగొచ్చేది. మూడేళ్ళు అలాగే గడిచాయి. చివరికి నాకు నేను ఒక షరతు పెట్టుకున్నాను: కూర్చున్న పూట లేచేలోపు ఒక ట్యూన్ మొదలై, ముగిసి, ఆడియో ఫైల్‌గా బయటికి రావాలి. అరనిమిషమైనా పర్లేదు, బాగా లేకపోయినా పర్లేదు, కానీ ముగియాలి. ఆ రోజు నుంచి నాకు సంగీతం చేయడం వేరే పనైపోయింది.

ఇదంతా ఇంతవరకూ ఒక్క ట్యూన్ కూడా చేయనివాళ్ళ కోసం, చేసి మధ్యలో వదిలేసినవాళ్ళ కోసం రాస్తున్నాను. సంగీతం నేర్చుకుని ఉండాల్సిన పని లేదు. పాట వింటూ కాలితో తాళం వేయగలిగితే చాలు, మిగతాది చేస్తూ ఉంటే వస్తుంది.

పరికరాల గురించి ఎక్కువ ఆలోచించకండి

అసలు ఏమీ ఇన్‌స్టాల్ చేయకుండా మొదలుపెట్టాలంటే బ్రౌజర్‌లో క్రోమ్ మ్యూజిక్ ల్యాబ్‌లోని సాంగ్ మేకర్ తెరవండి. గళ్ళ కాగితం లాగా ఉంటుంది, గడి మీద నొక్కితే స్వరం పడుతుంది. దానికంటే కాస్త లోతు కావాలంటే బీప్‌బాక్స్. పాత వీడియో గేముల శబ్దాలు ఉంటాయి, పైగా మీరు చేసిన ట్యూన్ మొత్తం ఆ వెబ్ చిరునామాలోనే దాగి ఉంటుంది కాబట్టి ఆ లింకు కాపీ చేసి పెట్టుకుంటే పాట సేవ్ అయినట్టే. ఫోన్‌లోనే చేయాలనుకునేవాళ్ళకి బ్యాండ్‌ల్యాబ్ ఉంది, ఆపిల్ వాడేవాళ్ళకి గ్యారేజ్‌బ్యాండ్ ఉంది, కంప్యూటర్‌లో ఏ సిస్టమ్ అయినా సరే ఎల్‌ఎమ్‌ఎమ్‌ఎస్ ఉచితంగా దొరుకుతుంది. వీటిలో ఏది మంచిదని అడిగితే నా దగ్గర ఒకటే జవాబు: ముందు తెరిచినదే. రెండు నెలలపాటు దాన్ని మార్చకండి. బటన్లు ఎక్కడున్నాయో చేతికి గుర్తుండడం ఈ అలవాటుకి చాలా ముఖ్యం, సాఫ్ట్‌వేర్ మార్చిన ప్రతిసారీ అది మొదటికొస్తుంది.

ఒక్క జాగ్రత్త మాత్రం చెప్తాను. బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్‌తో సంగీతం చేయకండి. శబ్దాన్ని కుదించి, వైర్‌లెస్‌గా పంపి, మళ్ళీ విప్పి చెవికి చేర్చేసరికి సెకనులో పదో వంతు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే ఆలస్యమవుతుంది. పాట వినేటప్పుడు అది తెలియదు, కానీ మీరు మెట్టు (కీబోర్డ్ మీద కీ) నొక్కాక శబ్దం ఆలస్యంగా వినిపిస్తే తాళం తప్పుతున్నది మీరే అనుకుంటారు. చాలామంది తమకి లయజ్ఞానం లేదని తేల్చేసుకునేది ఇక్కడే. వైరున్న మామూలు ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి, ఆ దిగులు పోతుంది.

షరతులు ముందే రాసుకోండి

నావి ఇవి: నలభై నిమిషాల సమయం, నాలుగు ట్రాకులు (ఒక్కో వాయిద్యానికి ఒక్కో వరుస), అరనిమిషం ట్యూన్. బీట్‌కి పది నిమిషాలు, కింద నడిచే స్వరానికి (బేస్) ఐదు, పైన పాడే బాణీకి పదిహేను, అమరికకి ఐదు, చివర సర్దడానికీ ఫైల్ తీయడానికీ ఐదు. ఫోన్‌లో టైమర్ పెట్టుకుంటాను, మోగగానే ఆ భాగం అక్కడితో ఆపేసి తర్వాతి దానికి వెళ్ళిపోతాను. మొదట్లో ఇది కష్టంగా ఉంటుంది, ఎందుకంటే బీట్ ఇంకా బాగుపడేలా కనిపిస్తూనే ఉంటుంది. బాగుపడుతుంది కూడా. రేపటి ట్యూన్‌లో బాగుపడనివ్వండి.

అరనిమిషం అంటే ఎన్ని బార్లో లెక్క సులువే. టెంపో 120 అంటే నిమిషానికి 120 దెబ్బలు, బార్‌కి నాలుగు దెబ్బలు, అంటే ఒక్కో బార్ 2 సెకన్లు. 16 బార్లు చేస్తే 32 సెకన్లు. టెంపో 90కి తగ్గిస్తే 12 బార్లకే 32 సెకన్లు అయిపోతుంది. నేను కొత్తవాళ్ళకి 90 చెప్తాను. నింపాల్సిన చోటు తక్కువ, స్వరాల మధ్య ఊపిరి పీల్చుకునే వ్యవధి ఎక్కువ.

నాలుగు ట్రాకులతో ఏం వస్తుందిలే అనిపిస్తే పాత గేముల సంగీతం గుర్తు చేసుకోండి. గేమ్‌బాయ్‌లో ఉన్నవి 4 శబ్ద మార్గాలే. 1985లో వచ్చిన అమిగా కంప్యూటర్ కూడా ఒకేసారి 4 శబ్దాలే వినిపించేది, దాని కోసం 1987లో అల్టిమేట్ సౌండ్‌ట్రాకర్ అనే ప్రోగ్రామ్ వస్తే ఎంతోమంది ఇళ్ళలో కూర్చుని ఆ నాలిగింటితోనే పాటలు కట్టారు. ఒకేసారి కలిసి మోగే మూడు స్వరాల కార్డ్‌కి మూడు మార్గాలు ఖర్చు చేయలేక ఆ మూడింటినీ ఒకే మార్గంలో మహా వేగంగా ఒకదాని వెనక ఒకటి మోగించేవారు, చెవికి అవి కలిసిపోయి గిలగిలలాడే కార్డ్‌లా వినిపించేది. గేము సంగీతం అనగానే మనకి గుర్తొచ్చే ఆ శబ్దం చోటు చాలక పుట్టింది. అందుకే ఐదో ట్రాక్ వేయాలని చెయ్యి లాగినప్పుడల్లా, ఉన్న నాలుగులో ఒకదానితో రెండు పనులు చేయించొచ్చా అని నేను చూస్తాను.

బీట్: పదహారు గళ్ళు

చాలా సాఫ్ట్‌వేర్లలో డ్రమ్స్ పదహారు గళ్ళ వరుసగా కనిపిస్తాయి. 1980లో వచ్చిన రోలండ్ టీఆర్-808 డ్రమ్ మెషిన్ మీద కూడా 16 బటన్లే ఉండేవి, ఇప్పటికీ అదే పద్ధతి నడుస్తోంది. ఒక బార్‌లో నాలుగు దెబ్బలు, ఒక్కో దెబ్బకి నాలుగు గళ్ళు. కాబట్టి 1, 5, 9, 13 గళ్ళ మీద మీ కాలు పడుతుందన్నమాట.

కిక్‌ని 1, 9 గళ్ళలో పెట్టండి. స్నేర్‌ని (చిటపటమనే డ్రమ్ దెబ్బ) 5, 13లో. హై-హ్యాట్‌ని (చిన్న తాళాల జత చిక్ చిక్ శబ్దం) 1, 3, 5, 7 అంటూ బేసి గళ్ళన్నిటిలో. ప్లే నొక్కండి. ఎన్నో పాటల్లో విన్న బీట్ అదే, రెండు నిమిషాలైనా పట్టదు. ఇప్పుడు 9లో ఉన్న కిక్ తీసేసి 8లో ఒకటి, 11లో ఒకటి పెట్టి చూడండి. నడక మారిపోతుంది, ముందు నిలబడి ఉన్న బీట్ ఇప్పుడు కాస్త తూగుతుంది. స్నేర్ ఉన్న చోటు కదపకుండా కిక్‌ని మాత్రమే అటూ ఇటూ జరుపుతూ ఉంటే ఒక్క పూటలో పది రకాల బీట్లు దొరుకుతాయి.

అయినా ఏదో యంత్రం కొట్టినట్టు ఉందే అనిపిస్తుంది. నిజమే, అన్ని దెబ్బలూ ఒకే బలంతో పడుతున్నాయి. ఒక్కో స్వరాన్ని ఎంత గట్టిగా మోగించాలో చెప్పే అంకె ఉంటుంది, దాన్ని వెలాసిటీ అంటారు, 1 నుంచి 127 దాకా. హై-హ్యాట్‌లో ఒకటి 100, పక్కది 60, ఆ తర్వాత 85, మళ్ళీ 55, ఇలా మార్చండి. మనిషి చెయ్యి ఎప్పుడూ రెండు దెబ్బలు ఒకేలా కొట్టదు, చెవికి ఆ తేడా వినపడగానే బీట్‌కి ప్రాణం వస్తుంది. స్వింగ్ అనే మీట ఉంటే దాన్ని కొంచెం తిప్పండి. అది సరి గళ్ళలోని దెబ్బల్ని కాస్త వెనక్కి జరుపుతుంది కాబట్టి, అది తెలియాలంటే హై-హ్యాట్‌ని సరి గళ్ళలో కూడా రెండు మూడు చోట్ల వేయాలి.

నాలుగు దెబ్బల లెక్క విసుగొస్తే పన్నెండు గళ్ళు తీసుకుని తిశ్రంలో, అంటే మూడేసి లెక్కలో చేయండి. కిక్ 1లో, స్నేర్ 7లో, హై-హ్యాట్ అన్ని గళ్ళలో వేసి 1, 4, 7, 10 దగ్గర గట్టిగా. ఇంకా ధైర్యముంటే పద్నాలుగు గళ్ళతో మిశ్రచాపు (ఏడు లెక్కల తాళం): 1, 7, 11 గళ్ళ మీద ఒత్తు పెడితే తకిట తకధిమి నడక అదంతట అదే వచ్చేస్తుంది. చాలా సాఫ్ట్‌వేర్లు నాలుగు దెబ్బలకే అలవాటుపడ్డట్టు తెరుచుకుంటాయి గానీ బార్ పొడవు మార్చుకునే వీలు చాలావాటిలో ఉంటుంది, ఒకసారి సెట్టింగ్స్‌లో వెతకండి.

డ్రమ్ శబ్దాలు నచ్చకపోతే మీరే తయారు చేసుకోవచ్చు, నాకు అన్నిటికంటే ఇష్టమైన పని ఇదే. బల్ల మీద వేళ్ళతో కొట్టండి, తాళంచెవుల గుత్తి ఊపండి, అట్టపెట్టెని తట్టండి, ఫోన్‌లో రికార్డ్ చేసి ముందూ వెనకా ఉన్న నిశ్శబ్దం కత్తిరించండి. బల్ల శబ్దాన్ని ఒక స్థాయి (ఆక్టేవ్, అంటే నల్లవీ తెల్లవీ కలిపి పన్నెండు మెట్లు) కిందికి దించితే చక్కటి కిక్ అవుతుంది. తాళంచెవులు హై-హ్యాట్. ప్రపంచంలో ఇంకెవరి దగ్గరా లేని డ్రమ్ సెట్ మీ చేతిలో ఉంటుంది.

నల్ల మెట్లతో బాణీ

పియానో కీబోర్డ్ మీద నల్ల మెట్లు మాత్రమే వాయించండి. ఏది నొక్కినా తప్పు స్వరం పడదు. ఆ ఐదు నల్ల మెట్లలో పక్కపక్కన గీసుకునే స్వరాలు లేవు, రెండేసి మెట్ల మధ్య కనీసం ఒక తెల్ల మెట్టు ఎడం ఉంటుంది, అందుకే ఎలా కలిపినా చెవికి గుచ్చుకోదు.

కొంచెం సంగీతం తెలిసినవాళ్ళకి ఇక్కడ ఒక అందమైన విషయం ఉంది. మూడు నల్ల మెట్ల గుంపులో మొదటిదాన్ని షడ్జమం అనుకుని వాయిస్తే ఆ ఐదు స్వరాలూ మోహనం. అదే గుంపులో రెండోది షడ్జమం అనుకుంటే మధ్యమావతి, మూడోది అనుకుంటే హిందోళం. రెండు మెట్ల గుంపులో మొదటిది అనుకుంటే శుద్ధసావేరి, రెండోది అనుకుంటే శుద్ధధన్యాసి. మెట్లు అవే ఐదు, ఎక్కడికి తిరిగొచ్చి ఆగుతున్నామన్నదే మారుతుంది. గమకాలు లేకుండా, రాగం నడక పట్టించుకోకుండా వాయిస్తే అది నిజంగా ఆ రాగమైపోదు, కానీ ఐదు రకాల మనసుల్ని ఐదు మెట్లలో పట్టుకోవచ్చని తెలుస్తుంది. రాగాల పేర్లు తెలియకపోయినా నష్టమేమీ లేదు. ఇవాళ ఒక మెట్టుని ఇల్లు అనుకోండి, రేపు ఇంకోదాన్ని అనుకోండి, చాలు.

ఆ ఇంటి స్వరాన్నే రెండు స్థాయిల కింద పెట్టి ట్యూన్ అంతా మోగనివ్వండి, తంబూరా లాగా. మొదటి రెండు వారాలు బేస్ అంటే ఇంతే. నిజానికి ఇదే చాలా ట్యూన్లకి సరిపోతుంది.

బాణీ మాత్రం మెట్ల మీద వెతకకండి. బీట్ తిరుగుతూ ఉండగా కూనిరాగం తీయండి, ఫోన్‌లో రికార్డ్ చేయండి, తర్వాత ఆ స్వరాలు ఎక్కడున్నాయో మెట్ల మీద వెతికి పట్టుకోండి. వేళ్ళకి ఆయాసం రాదు కాబట్టి అవి ఆగకుండా వాయిస్తూనే పోతాయి, గొంతుకి ఊపిరి అయిపోతుంది కాబట్టి అది ఎక్కడో ఒక చోట ఆగుతుంది, ఆ ఆగిన చోటే బాణీకి వాక్యం పూర్తయినట్టు ఉంటుంది. నేను చేసిన తొలి ట్యూన్లన్నిటిలో ఉన్న పెద్ద లోపం ఇదే, బాణీకి ఊపిరాడేది కాదు. ఇప్పుడు రెండు బార్లలో ఒక ప్రశ్న అడిగినట్టు వాయించి ఇంటికి రాకుండా వేరే స్వరం మీద వదిలేస్తాను, తర్వాతి రెండు బార్లలో దాదాపు అదే మళ్ళీ వాయించి చివర ఇంటికి వస్తాను. నాలుగు బార్లు అయ్యాయి. అరనిమిషం ట్యూన్‌కి ఇంతకంటే బాణీ అవసరం లేదు.

వాయించినది తాళానికి సరిగ్గా పడకపోతే క్వాంటైజ్ అనే బటన్ స్వరాల్ని గళ్ళలోకి లాగి సర్దుతుంది. డ్రమ్స్‌కి వాడండి. బాణీకి పూర్తిగా వాడకండి, సగం బలంతో వాడే వీలుంటే అలా వాడండి, లేకపోతే బాగా తప్పిన స్వరాన్ని మాత్రం చేత్తో జరపండి.

ఇక్కడ మిడి గురించి, అంటే వాయిద్యాలూ కంప్యూటర్లూ ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పద్ధతి గురించి రెండు మాటలు. 1983లో వచ్చిన ఈ పద్ధతిలో శబ్దం ఉండదు, ఏ మెట్టు ఎప్పుడు నొక్కారు, ఎంత గట్టిగా, ఎప్పుడు వదిలారు అన్న సమాచారమే ఉంటుంది. కాబట్టి పియానోతో వాయించిన బాణీని తర్వాత ఫ్లూట్‌కి మార్చినా, టెంపో తగ్గించినా, ఒక్క స్వరాన్ని సరిదిద్దినా మళ్ళీ వాయించక్కర్లేదు. తప్పు వాయిస్తానేమో అన్న టెన్షన్ అందుకే పెట్టుకోకండి.

కార్డ్స్, మీకు తొందర లేనప్పుడు

రెండు మూడు వారాల తర్వాత కింద ఒకే స్వరం మోగడం చాలట్లేదనిపిస్తుంది. మూడు నల్ల మెట్ల గుంపులో మొదటిదాన్ని ఇల్లు అనుకుని చేసిన ట్యూన్ ఒకటి తీసుకోండి, పియానో రోల్‌లో (స్వరాలు గళ్ళ మీద గీతలుగా కనిపించే కిటికీ) బాణీ అంతా సెలెక్ట్ చేసి ఆరు గళ్ళు పైకి జరపండి. ఇప్పుడు అది మొత్తం తెల్ల మెట్ల మీదికి వచ్చేసింది, ఇల్లు సి (రెండు నల్ల మెట్ల గుంపుకి ఎడమ పక్కనున్న తెల్ల మెట్టు) అయింది; ఏ నుంచి జి దాకా ఇంగ్లీషు అక్షరాలే తెల్ల మెట్ల పేర్లు. దాని కింద ఒక్కో బార్‌కి ఒక్కో కార్డ్ చొప్పున ఏ మైనర్, ఎఫ్, సి, జి పెట్టండి. వాటిలో స్వరాలు వరుసగా ఏ-సి-ఈ, ఎఫ్-ఏ-సి, సి-ఈ-జి, జి-బి-డి.

ఇలా ఉన్నదున్నట్టు పెడితే చెయ్యి ఒక చోటి నుంచి ఇంకో చోటికి గెంతినట్టు వినిపిస్తుంది. అవే స్వరాల్ని దగ్గర దగ్గరగా సర్దండి: ఏ-సి-ఈ తర్వాత ఏ-సి-ఎఫ్, తర్వాత జి-సి-ఈ, తర్వాత జి-బి-డి. మొదటి మార్పులో ఒక్క స్వరమే కదిలింది, మిగతా రెండు మార్పుల్లో రెండేసి, అదీ పక్క మెట్టుకే. ఈ చిన్న సర్దుబాటుతో కార్డ్స్ ఒకదానిలోంచి ఒకటి పుట్టినట్టు ఉంటాయి. నాకు ఇది తెలిసిన రోజున పాత ట్యూన్లన్నీ తెరిచి వరుసగా సర్దుకుంటూ కూర్చున్నాను. బేస్ మాత్రం ఏ, ఎఫ్, సి, జి అని అసలు పేరున్న స్వరాలే వాయించాలి, కిక్ పడిన చోటే అది కూడా పడితే రెండూ కలిసి ఒకే బలమైన దెబ్బ అవుతుంది.

లూప్ దగ్గర ఇరుక్కుపోకుండా

లూప్ అంటే తిరిగి తిరిగి మోగే ముక్క, నేను మూడేళ్ళు ఆగిపోయింది ఇక్కడే కాబట్టి దీని మీద కాస్త ఎక్కువ చెప్తాను. నాలుగు బార్లు బాగా కుదిరాక మనం కొత్తగా ఇంకేదో చేర్చాలని చూస్తాం. చేర్చకండి. ఉన్నదాన్ని పన్నెండు బార్లకి కాపీ చేసేయండి, అన్ని ట్రాకులూ మొదటి నుంచి చివరిదాకా నిండిపోవాలి. ఇప్పుడు తీసేయడం మొదలుపెట్టండి. మొదటి రెండు బార్లలో బాణీ ఒక్కటే ఉంచి మిగతావన్నీ తీసేయండి. మూడో బార్ నుంచి బీట్, బేస్ రానివ్వండి, బాణీని ఆరో బార్ దాకా పక్కన పెట్టండి, కార్డ్స్ మాత్రం నడవనివ్వండి. ఏడు నుంచి పది దాకా అన్నీ కలిసి. పదకొండులో డ్రమ్స్ ఠక్కున ఆపేయండి. పన్నెండులో ఇంటి స్వరం ఒక్కటే, బార్ అంతా సాగదీసి.

అంతే, దానికి మొదలూ మధ్యా చివరా వచ్చేశాయి. ఒక్క కొత్త స్వరం రాయకుండా. ఇందులో పనిచేసే కిటుకు ఏమిటంటే, చెవి ఒక శబ్దానికి అలవాటుపడ్డాక దాన్ని వినడం మానేస్తుంది, కాసేపు తీసేసి మళ్ళీ పెడితే అదే శబ్దం కొత్తగా వచ్చినట్టు వినిపిస్తుంది. ఆరో బార్ చివర అర దెబ్బసేపు పూర్తి నిశ్శబ్దం పెట్టి చూడండి, ఏడో బార్ ఎంత పెద్దగా వస్తుందో.

ముగింపుకి శబ్దాన్ని మెల్లగా తగ్గించుకుంటూ పోవడం నాకు ఇష్టం లేదు. అది తప్పని కాదు, ఎలా ముగించాలో తేల్చుకోకుండా తప్పించుకోవడానికి నేను దాన్ని చాలాసార్లు వాడాను. అలవాటు కుదిరేదాకా ప్రతి ట్యూన్‌నీ ఒక స్వరం మీదికి తీసుకొచ్చి ఆపండి.

ఐదు నిమిషాల సర్దుబాటు

మిక్సింగ్, అంటే ట్రాకుల శబ్దాల్ని తూచి కలపడం, పెద్ద విద్య, దాన్ని ఇక్కడికి తీసుకురావద్దు. నాలుగు పనులు చాలు. అన్ని ట్రాకుల్నీ మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర పెట్టి మొదలుపెట్టండి, మొత్తం కలిపిన మీటర్ 0 దాటకూడదు, దాటితే డిజిటల్‌లో శబ్దం చీలిపోయి బరబరమంటుంది. కిక్, బేస్ తప్ప మిగతా ట్రాకుల్లో 100 హెర్ట్జ్ కింద ఉన్న లోతైన శబ్దమంతా ఈక్వలైజర్‌తో (శబ్దంలో కింది, పై భాగాల్ని విడిగా పెంచి తగ్గించే సాధనం) కోసేయండి, కింద చోటు ఖాళీ అయి ఆ రెండూ స్పష్టంగా వినిపిస్తాయి. బాణీని, బేస్‌ని మధ్యలో ఉంచి హై-హ్యాట్‌నో కార్డ్స్‌నో కాస్త పక్కకి జరపండి. ఒకసారి ఫోన్ స్పీకర్‌లో వినండి, ఆ బుల్లి స్పీకర్ లోతైన స్వరాల్ని పలికించలేదు కాబట్టి బేస్ మాయమైపోతే దాన్ని ఒక స్థాయి పైకి లేపండి.

వాల్యూమ్ తక్కువ పెట్టుకుని పని చేయండి. గట్టిగా వింటే ప్రతిదీ బాగున్నట్టే ఉంటుంది, చెవులు కూడా అలిసిపోతాయి. రోజూ చేసే పని కాబట్టి చెవుల్ని కాపాడుకోవడం దీనిలో భాగమే.

ఫైల్ బయటికి తీసేటప్పుడు చివర రెండు సెకన్లు అదనంగా వదలండి, లేకపోతే ఆఖరి స్వరం మోత తెగిపోతుంది. వేవ్ ఫైల్‌గా తీస్తే నిమిషానికి దాదాపు 10 ఎంబీ అవుతుంది, 128 కేబీపీఎస్ ఎంపీ3 అయితే నిమిషానికి ఒక ఎంబీ లోపే. రోజువారీ ట్యూన్లకి ఎంపీ3 చాలు, బాగా నచ్చినవాటికి వేవ్ కూడా తీసి పెట్టుకోండి. పేరులో ముందు సంవత్సరం, తర్వాత నెల, తర్వాత తేదీ పెడితే ఫోల్డర్‌లో వాటంతట అవే వరుసలో ఉంటాయి, ఆ తర్వాత రెండు మాటలు, టెంపో. ‘వాన ఆగాక 90’ అని రాసి ఉంటే ఆర్నెల్ల తర్వాత కూడా ఆ పూట గుర్తొస్తుంది. ‘కొత్తది ఫైనల్ 3’ అని రాస్తే ఏదీ గుర్తురాదు.

రోజులు గడుస్తుంటే

రోజూ కుదరకపోతే వారానికి మూడు పూటలు పెట్టుకోండి, కానీ ఏ రోజులో ముందే అనుకోండి. నేను అప్పటికే రోజూ చేసే ఒక పనికి దీన్ని అంటగట్టాను, సాయంత్రం స్నానం చేసి వచ్చి కూర్చుంటాను, అప్పుడు కూర్చోవాలా వద్దా అన్న ఆలోచన రాదు. ప్రాజెక్ట్ ఒకటి ఖాళీగా తయారు చేసి పెట్టుకోండి: టెంపో 90, నాలుగు ట్రాకులు, ఒక్కో దానికి ఒక శబ్దం పెట్టేసి ఉండాలి. రోజూ దాన్నే తెరిచి వేరే పేరుతో సేవ్ చేసుకుని మొదలుపెడితే, శబ్దాలు వెతుక్కోవడంలో పోయే అరగంట మిగులుతుంది.

ఏమీ తోచని రోజులు వస్తాయి, తరచుగానే వస్తాయి. అలాంటి రోజుకి చీటీలు రాసుకున్నాను. మూడే స్వరాలు వాడు. డ్రమ్స్ లేకుండా చెయ్యి. నిన్నటి బేస్ ఉంచి మిగతాదంతా మార్చు. టెంపో 60. గదిలో వినిపించే శబ్దాలతోనే చెయ్యి. బాణీని వెనక నుంచి ముందుకి వాయించు. ఒకటి తీసి, అందులో ఏది వస్తే అది, మారు మాట్లాడకుండా చేసేస్తాను. నాకు ఇప్పటికీ నచ్చే ట్యూన్లలో కొన్ని ఇలాంటి నీరసమైన సాయంత్రాల్లో వచ్చినవే, మూడే స్వరాలన్న చీటీ నాకు ఇష్టమైనది.

ఒక రోజు తప్పితే మర్నాడు రెండు చేయాలని పెట్టుకోవద్దు. బాకీ పెరిగిపోతే తెరవడమే మానేస్తాం. తప్పిన రోజు పోయింది, ఇవాళ ఒకటి చేయండి.

వారానికొకసారి ఆ వారం ట్యూన్లన్నీ వరుసగా వినండి, అన్నీ కలిపినా మూడు నాలుగు నిమిషాలే. వింటూ ఒక్కో దాని గురించి ఒకే ఒక్క వాక్యం రాయండి: హై-హ్యాట్ చాలా గట్టిగా ఉంది, ఆ రెండో బార్‌లో దిగిన తీరు బాగుంది, ఇలా. చేసిన రోజునే తీర్పు చెప్పుకోవద్దు, ఆ రోజు చెవి నిజం చెప్పదు. నాకు దారుణంగా అనిపించినవి వారం తర్వాత ఫర్వాలేదనిపించాయి, గొప్పగా ఉందనుకున్నవి కొన్ని మామూలుగా తేలాయి.

తోడు కావాలనుకుంటే ఫిబ్రవరి ఆల్బమ్ రైటింగ్ మంత్ అని ఒకటి జరుగుతుంది, 28 రోజుల్లో 14 పాటలు రాయాలి, అంటే రెండు రోజులకొకటి. రెండు మూడు నెలల అలవాటు ఉన్నవాళ్ళకి అది అందని అంకె కాదు. మీ ట్యూన్లు బయట పెట్టేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి, ఇంకొకరి పాటలోంచి కోసిన ముక్కలు చిన్నవైనా అనుమతి లేకుండా వాడితే ఇబ్బందే. రెడీమేడ్ లూపులు వాడితే వాటి షరతులు చదవండి. మీరు కొట్టిన బల్ల శబ్దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఇక ఆ పాత ఫోల్డర్ సంగతి. మీకూ అలాంటిది ఉంటే దాన్ని తీసేయకండి. ఈ అలవాటు మొదలైన నాలుగు నెలలకి నేను అందులోంచి ఒక ప్రాజెక్ట్ తెరిచాను, ఇరవై మూడు ట్రాకులున్నాయి. అన్నీ మ్యూట్ చేసి ఒక్కొక్కటే విన్నాను, నాలుగు ఉంచి మిగతావి తీసేశాను, పన్నెండు బార్లకి పరిచి, కోసి, చివర ఒక స్వరం మీద ఆపి, ఫైల్ తీశాను. ముప్ఫై ఐదు నిమిషాలు పట్టింది. మిగతావి ఆదివారానికొకటి చొప్పున అలాగే తీస్తున్నాను, ఇప్పటికి పంతొమ్మిది అయ్యాయి.